పనిముట్టు ఎవరిది?

పాఠ్యభాగ ఉద్దేశం

కంప్యూటర్‌పై దృశ్యాలను కూర్చే పని నేడు మన ప్రాంతంలో అనేకమంది యువకులకు జీవనాధారం. ఆ పనికి ఉపకరించే సాఫ్ట్‌వేర్‌లలో కొన్ని చందా చెల్లిస్తేనే పనిచేస్తాయి. మరికొన్నింటిని ఎవరైనా వాడుకోవచ్చు, పరిశీలించవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. ఈ రెండింటికీ గల భేదాన్ని, మొదటిదాని నుండి రెండవదానికి మారే విధానాన్ని, ఆ మార్పులోని లాభాలను, కష్టాలను విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

విజయవాడకు వాయవ్యంగా సుమారు 20 కిలోమీటర్ల దూరంలో కొండపల్లి ఉన్నది. అక్కడి కళాకారులు తెల్లపొణికి కర్రను ఉలితో చెక్కి, చింతగింజల గుజ్జు, రంపపుపొట్టు కలిపిన ముద్దతో అవయవాలను అతికి, రంగులు వేసి బొమ్మలను తయారుచేస్తారు. ఆ కళాకారుని చేతిలోని ఉలిని గమనించండి. అది మొద్దుబారితే అతడే సానపట్టుకుంటాడు. పిడి విరిగితే మరొకటి వేసుకుంటాడు. తన చేతివాటాన్ని బట్టి దాని అంచును మార్చుకుంటాడు. పొరుగువానికి కావలసివస్తే అటువంటిదే మరొకటి చేయించి ఇస్తాడు. కుమారునికి పని నేర్పేటప్పుడు ఎవరి అనుమతినీ కోరడు. ఉలి అతనిది; కనుక పని కూడా అతని అధీనంలోనే ఉంటుంది.

ఈ ప్రాంతంలోనే మరొక విధమైన కళాకారులు ఉన్నారు. వివాహాలను, ఆలయోత్సవాలను, కూచిపూడి నాట్యప్రదర్శనలను, కళాశాల వార్షికోత్సవాలను చిత్రీకరించి, ఆ దృశ్యాలను చక్కగా కూర్చి అందించేవారు వారు. విజయవాడ వీధులలోనూ, గుడివాడ, మచిలీపట్నం, తెనాలి వంటి పట్టణాలలోనూ ఇటువంటి స్టూడియోలు కనిపిస్తాయి. వీరి ఉలి చేతికి తగలదు. అది కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్. ఆ పనిముట్టు ఎవరిది? దానిని సానపట్టుకునే హక్కు వీరికి ఉన్నదా? ఈ ప్రశ్నకు సమాధానం వెతకడానికి ముందు ఆ పని స్వరూపాన్ని తెలుసుకోవడం అవసరం.

తెలుగు సినిమాల పేర్ల పట్టికలో 'కూర్పు' అనే మాట కనిపిస్తుంది. ఎడిటింగ్ అనే పనికి అది సార్థకమైన తెలుగు పేరు. మాలాకారుడు పూలను కోసుకొని రావడంతో దండ తయారుకాదు. ఏ పూవు పక్కన ఏ పూవు ఉండాలో నిర్ణయించి గుచ్చినప్పుడే అది దండ అవుతుంది. అదేవిధంగా, చిత్రీకరించిన దృశ్యఖండాలలో అనవసరమైన వాటిని తొలగించి, అవసరమైన వాటిని తగిన క్రమంలో, తగిన నిడివితో, తగిన ధ్వనితో అమర్చడమే కూర్పు. తెలుగు చలనచిత్ర పితామహుడని పేరుపొందిన రఘుపతి వెంకయ్య మచిలీపట్నంలో జన్మించినవాడు. విజయవాడ గాంధీనగరం చాలాకాలం పాటు సినిమా పంపిణీ కార్యాలయాలకు నిలయం. కాబట్టి కృష్ణాతీరానికి, కదిలే బొమ్మకు గల అనుబంధం ఈనాటిది కాదు.

ఒకప్పుడు కూర్పరులు ఫిల్మును నిజంగానే కత్తిరించి, ముక్కలను అతికేవారు. వీడియో టేపులు వచ్చిన తరువాత, ఒక టేపు నుండి మరొక టేపుకు దృశ్యాలను వరుసగా ఎక్కించేవారు. మధ్యలో ఒక దృశ్యం నిడివి మార్చవలసివస్తే, తరువాతి భాగాన్నంతటినీ మళ్లీ ఎక్కించవలసి వచ్చేది. కంప్యూటర్ వచ్చి ఈ కష్టాన్ని తొలగించింది. దృశ్యఖండాలన్నీ తెరమీద కాలరేఖపై వరుసగా నిలుస్తాయి. దేనిని ఎక్కడికి జరిపినా మూలప్రతికి హాని కలుగదు.

ఒక వివాహదృశ్యాన్ని ఉదాహరణగా తీసుకుందాం. మంగళసూత్రధారణ వేళ గట్టిమేళం మ్రోగుతుంది. ఆ ధ్వనిని యథాతథంగా కొనసాగిస్తూ, దానిపై వరుని చేతులను, వధువు తల్లి కన్నీటిని, అక్షతలు చల్లే బంధువులను ఒకరి తరువాత ఒకరిని చూపవచ్చు. ధ్వని ఒక వరుస, దృశ్యాలు మరొక వరుస. ఈ రెండు వరుసలను విడివిడిగా నడిపించి, కావలసినచోట కలపగలగడమే కంప్యూటర్ కూర్పులోని సౌలభ్యం.

ఇక సాఫ్ట్‌వేర్ సంగతి. ప్రోగ్రాములు రాసేవారు మనుషులు చదివి అర్థం చేసుకోగల ఒక సంకేతభాషలో వాటిని రాస్తారు. దానిని మూలసంకేతం అంటారు. దానిని యంత్రానికి అర్థమయ్యే రూపంలోకి మార్చి మనకు అందిస్తారు. యంత్రరూపం మాత్రమే మన చేతికి వచ్చినప్పుడు, ప్రోగ్రామును నడపగలమే గాని, అది ఎలా పనిచేస్తున్నదో చూడలేము, లోపాన్ని సరిదిద్దలేము. మూలసంకేతాన్ని సంస్థ తనవద్దనే దాచి ఉంచుకొని, వాడుకునే అనుమతిని మాత్రమే అమ్మితే అది యాజమాన్య సాఫ్ట్‌వేర్ అవుతుంది.

తొలిరోజులలో ఇటువంటి అనుమతిని ఒకసారి కొంటే ఆ ప్రతిని ఎంతకాలమైనా వాడుకోవడానికి వీలుండేది. 2013లో అడోబ్ సంస్థ తన కొత్త సాఫ్ట్‌వేర్‌లను చందా పద్ధతికి మార్చింది. చందా ఆగితే పని ఆగుతుంది. మన డెల్టా భాషలో చెప్పాలంటే, అది సొంత చేను కాదు, కౌలు చేను. పంట పండినా పండకపోయినా కౌలు చెల్లించక తప్పదు. ముహూర్తాలు ఉన్న నెలలలో చేతినిండా పని, మూఢం వస్తే ఖాళీ చేతులు అన్నట్లుండే చిన్న స్టూడియోకు ఈ పద్ధతి భారమే.

ఆ భారాన్ని తప్పించుకోవడానికి కొందరు దొంగప్రతులను ఆశ్రయిస్తారు. ఇది న్యాయం కాదు, క్షేమం కూడా కాదు. మన దేశపు కాపీరైట్ చట్టం (1957) 63బి సెక్షన్ ప్రకారం, అక్రమప్రతి అని తెలిసి కూడా కంప్యూటర్ ప్రోగ్రామును వాడటం నేరం. అందుకు ఏడు రోజులకు తగ్గకుండా మూడు సంవత్సరాల వరకు జైలుశిక్ష, 50 వేల రూపాయల నుండి 2 లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. వ్యాపారలాభం కోసం వాడలేదని తేలితే న్యాయస్థానం కారాగారశిక్షను మినహాయించవచ్చు. కాని పెళ్లి వీడియోలు తీయడం వ్యాపారమే కదా! అదిగాక, అటువంటి ప్రతులతో పాటు వైరస్‌లు కూడా ప్రవేశిస్తాయి. పాడైన కంప్యూటర్‌ను తిరిగి కొనవచ్చు. ఒకసారి జరిగిన వివాహాన్ని మళ్లీ జరిపించి చిత్రీకరించలేము.

కౌలుకు, చౌర్యానికి భిన్నమైన మూడవ మార్గం ఒకటి ఉన్నది. దానికి బీజం వేసినవాడు అమెరికాకు చెందిన రిచర్డ్ స్టాల్‌మన్. ఆయన పనిచేసే ప్రయోగశాలలో ముద్రణయంత్రం తరచుగా కాగితం ఇరుక్కొని ఆగిపోయేది. పూర్వపు యంత్రపు ప్రోగ్రామును సవరించి, అది ఆగినప్పుడు వాడుకరులకు కబురు అందే ఏర్పాటును ఆయన చేశాడు. కొత్త యంత్రం వచ్చినప్పుడు దాని మూలసంకేతాన్ని ఇవ్వడానికి నిరాకరించారు. చేతనైన మరమ్మతు కూడా చేసుకోలేని ఆ నిస్సహాయత ఆయనను ఆలోచింపజేసింది. 1983 సెప్టెంబరులో ఆయన గ్నూ అనే ఉద్యమాత్మక ప్రణాళికను ప్రకటించాడు. 1991లో ఫిన్లండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ అనే కేంద్రభాగాన్ని రూపొందించాడు. ఈ రెండూ కలిసి నేడు ప్రపంచమంతటా వ్యాపించిన నిర్వహణవ్యవస్థ ఏర్పడింది.

స్టాల్‌మన్ నిర్వచనంలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాడుకరికి నాలుగు స్వేచ్ఛలను ఇవ్వాలి. ఏ ప్రయోజనానికైనా దానిని వాడుకొనే స్వేచ్ఛ మొదటిది. అది ఎలా పనిచేస్తున్నదో పరిశీలించి, అవసరానికి తగినట్లు మార్చుకొనే స్వేచ్ఛ రెండవది. ప్రతులను పంచుకొనే స్వేచ్ఛ మూడవది. తాను మార్చిన రూపాన్ని ఇతరులకు అందించే స్వేచ్ఛ నాలుగవది. కొండపల్లి ఉలిని మరొకసారి స్మరించుకోండి. ఈ నాలుగూ ఆ ఉలికి ఏనాటి నుండో ఉన్నవే!

ఇక్కడ ఒక భేదాన్ని గుర్తించాలి. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. ఆంగ్లంలో ఈ రెండర్థాలకూ 'ఫ్రీ' అనే ఒకే మాట ఉండటం వల్ల వారికి తికమక కలుగుతుంది. తెలుగుకు ఆ ఇబ్బంది లేదు. వేసవిలో చలివేంద్రం వద్ద నీరు ఉచితమే. కాని కుండ ఎప్పుడు పెట్టాలో, ఎప్పుడు తీసివేయాలో పెట్టినవారి ఇష్టం. పెరటి బావి అటువంటిది కాదు. తవ్వించడానికి ఖర్చు అయినా, తోడుకొనే హక్కు మనది. దావిన్సీ రిసాల్వ్ అనే ప్రసిద్ధ సాఫ్ట్‌వేర్‌కు ఒక ఉచితరూపం ఉన్నది. అది సమర్థమైనదే, దానిని వాడటం తప్పు కాదు. అయితే దాని మూలసంకేతం మనకు లభించదు. కనుక అది చలివేంద్రమే గాని పెరటి బావి కాదు.

పంచుకొని సరిదిద్దుకొనే ఈ పద్ధతి మన సాహిత్యానికి కొత్త కాదు. అచ్చుయంత్రం రాకముందు కావ్యాలు తాళపత్రాలపై ఒకరి నుండి మరొకరికి చేరేవి. రాయసకాని చేతిలో తప్పులు దొర్లేవి. సి.పి. బ్రౌన్ కడపలోని తన బంగళాలో పండితులను నియమించి, ఒక్కొక్క గ్రంథానికి అనేక ప్రతులను సేకరించి, వాటిని పోల్చి చూపించి, శుద్ధప్రతులను సిద్ధం చేయించాడు. ప్రతి చేతికి అందింది కనుకనే తప్పు కంటికి కనబడింది. కంటికి కనబడింది కనుకనే సవరణ సాధ్యమైంది. ఏ ఒక్కరో తాళపత్రాన్ని పెట్టెలో పెట్టి తాళం వేసి, వినడానికి మాత్రమే అనుమతి ఇచ్చి ఉంటే ఈ పరిష్కరణ జరిగేది కాదు.

దృశ్యాలను కూర్చడానికి నేడు లభించే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లలో ముఖ్యమైనవి కొన్ని ఉన్నాయి. కేడెన్‌లైవ్ 2002లో మొదలైంది. అనేక దృశ్య, ధ్వని వరుసలతో పెద్ద పనులు చేయడానికి ఇది అనుకూలం. షాట్‌కట్ సరళమైనది. 2008లో ఆరంభమైన ఓపెన్‌షాట్ తొలిసారి నేర్చుకొనేవారికి సులువుగా ఉంటుంది. త్రిమితీయ చిత్రాలను రూపొందించే బ్లెండర్‌లో కూడా కూర్పుకు తగిన విభాగం ఉన్నది. ధ్వనిని శుభ్రపరచడానికి ఆడాసిటీ, ఛాయాచిత్రాలను దిద్దడానికి గింప్, పేర్ల అలంకరణకు ఇంక్‌స్కేప్ ఉపయోగపడతాయి. వీటిలో పలు ప్రోగ్రాములకు వెనుక ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ప్రోగ్రాముల సముదాయం పనిచేస్తున్నది. ఒక రూపంలోని వీడియోను మరొక రూపంలోకి మార్చే దీనిని 2000లో ఫ్రాన్స్‌కు చెందిన ఫాబ్రిస్ బెలార్డ్ ఆరంభించాడు.

బ్లెండర్ చరిత్ర ప్రత్యేకించి చెప్పుకోదగినది. మొదట అది ఒక సంస్థ ఆస్తి. ఆ సంస్థ మూతపడినప్పుడు దాని సృష్టికర్త, నెదర్లాండ్స్ దేశీయుడైన టాన్ రూసెండాల్, 2002లో ప్రజల నుండి విరాళాలు కోరాడు. ఏడు వారాలలో లక్ష యూరోలు సమకూరాయి. ఆ ధనంతో మూలసంకేతాన్ని విడిపించి లోకానికి అందించారు. 22 సంవత్సరాల తరువాత, 2024లో, లాత్వియా దర్శకుడు గింట్స్ జిల్బలోడిస్ అదే బ్లెండర్‌తో 'ఫ్లో' అనే చిత్రాన్ని రూపొందించాడు. 2025 మార్చిలో ఆ చిత్రానికి ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ పురస్కారం లభించింది. స్వేచ్ఛగా లభించేది నాసిరకమైనదని భావించేవారికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

మార్పు ఎలా చేసుకోవాలి? ఒక్కరోజులో అంతా మార్చివేయాలనుకోవడం తొందరపాటు. చేతిలో ఉన్న పనులను పాత సాఫ్ట్‌వేర్‌లోనే పూర్తిచేసి, వాటిని సర్వసాధారణమైన వీడియో రూపంలో భద్రపరచుకోవాలి. సగంలో ఉన్న పనిని కొత్తదానిలోకి మార్చే ప్రయత్నం సాధారణంగా చేటు తెస్తుంది. నిర్వహణవ్యవస్థను మార్చకుండానే కేడెన్‌లైవ్, షాట్‌కట్ వంటివాటిని అదే కంప్యూటర్‌లో స్థాపించుకోవచ్చు. మొదట ఐదు నిమిషాల చిన్న దృశ్యాన్ని కూర్చాలి. పిమ్మట ఒక పూర్తి కార్యక్రమాన్ని ఆరంభం నుండి అందులోనే చేయాలి. చేయి కుదిరిన తరువాతనే లినక్స్ వైపు వెళ్లాలి. ఐ.ఐ.టి. బొంబాయి వారి స్పోకెన్ ట్యుటోరియల్ పథకంలో పలు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ల పాఠాలు తెలుగు మాటలలో కూడా లభిస్తున్నాయి.

కష్టాలను దాచడం ధర్మం కాదు. ఏళ్ల తరబడి చేతికి అలవాటైన మీటలు మారిపోతాయి. పాత సాఫ్ట్‌వేర్‌లో రూపొందించిన పనిఫైళ్లు కొత్తదానిలో తెరుచుకోవు. పెళ్లి వీడియోల కోసం అంగళ్లలో అమ్మే సిద్ధ అలంకరణలు ఎక్కువగా ఇతర సాఫ్ట్‌వేర్‌లకు చెందినవి. కొన్ని సందర్భాలలో ప్రోగ్రాము హఠాత్తుగా ఆగిపోవచ్చు. కనుక తరచుగా భద్రపరచుకోవాలి. పెద్ద నిర్మాణసంస్థలో ఉద్యోగం చేయదలచినవారు అక్కడ వాడే సాఫ్ట్‌వేర్‌ను కూడా నేర్చుకోక తప్పదు. అయితే కూర్పు అనే విద్య తెలిసినవానికి ఉలి మారినా చెక్కడం వస్తుంది.

యంత్రం పాతదైనంత మాత్రాన నిరాశ చెందనవసరం లేదు. నేటి కెమెరాల దృశ్యాలు మిక్కిలి పెద్దవి. వాటిని తెరిచినప్పుడు పాత కంప్యూటర్ తడబడుతుంది. అందుకు ప్రతినిధి ప్రతుల పద్ధతి ఉన్నది. మూలదృశ్యానికి బదులు దాని చిన్న ప్రతిని ఉంచుకొని కూర్పు చేస్తాము. చివరలో పూర్తి వీడియో సిద్ధమయ్యేటప్పుడు సాఫ్ట్‌వేర్ తానే మూలదృశ్యాలను స్వీకరిస్తుంది. ఇల్లు కట్టకముందు కాగితంపై పటం గీసుకోవడం వంటిదే ఇది.

ఈ విషయంలో తెలుగువారికి ప్రత్యేకమైన ప్రయోజనం ఒకటి ఉన్నది. అది మన లిపికి సంబంధించినది. 'స్త్రీ' అనే అక్షరం కంటికి ఒక్కటే. కాని కంప్యూటర్‌లో అది స, హల్లు గుర్తు, త, హల్లు గుర్తు, ర, ఈకారం అనే ఆరు సంకేతాల వరుస. ఈ ఆరింటిని ఒక్క రూపంగా అల్లే ప్రోగ్రాము సరిగా లేకపోతే, వీడియోపై రాసిన పేర్లలో ఒత్తులు విడిపోతాయి, గుణింతాలు తారుమారవుతాయి. 2018 ఫిబ్రవరిలో ఆపిల్ ఫోన్లలో ఒక విచిత్రం జరిగింది. 'జ్ఞా' అనే అక్షరం ఒక ప్రత్యేక సంకేతక్రమంలో తెరపైకి రాగానే ఆ ప్రోగ్రాము మూతపడిపోయేది. ఆ సంస్థ అదే నెల 19వ తేదీన సవరణను విడుదలచేసింది. లోపం దొర్లడం వింత కాదు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లోనూ దొర్లుతుంది. కాని అక్కడ సరిదిద్దగలిగింది ఆ ఒక్క సంస్థ మాత్రమే. 'జ్ఞానం' అనే మాటలోని తొలి అక్షరం కోసం ఎనిమిది కోట్లకు పైబడిన తెలుగువారు ఎదురుచూడవలసి వచ్చింది.

మూలసంకేతం తెరిచి ఉన్నచోట ఏ తెలుగు విద్యార్థి అయినా లోపాన్ని వెతకవచ్చు, సవరణను పంపవచ్చు. లిపులను అల్లే హార్ఫ్‌బజ్ అనే స్వేచ్ఛా ప్రోగ్రాము అటువంటిదే. 2005లో ఆరంభమైన స్వేచ్ఛ సంస్థ తెలుగులో పనిచేసే లినక్స్ రూపాన్ని తయారుచేయడానికి పూనుకొన్నది. తిరుమల కృష్ణదేశికాచార్యులు పోతన, వేమన అనే ఖతులను రూపొందించి తెలుగువారికి అందించారు. సురన్న, ధూర్జటి, తిమ్మన, రామభద్ర, గిడుగు, గురజాడ మొదలైన పేర్లతో సిలికానాంధ్ర వెలువరించిన ఖతులు కూడా స్వేచ్ఛగా లభిస్తున్నాయి. కవుల పేర్లు పెట్టుకొన్న అక్షరాలతో మన వీడియోలకు పేర్లు రాసుకోగలగడం సంతోషించదగిన విషయం.

కేరళ రాష్ట్రం ఈ మార్గంలో చాలా ముందు నడిచింది. అక్కడి ప్రభుత్వ పాఠశాలలలో లినక్స్ ఆధారిత విద్య రెండు దశాబ్దాలుగా సాగుతున్నది. 2018లో ప్రారంభమైన లిటిల్ కైట్స్ అనే విద్యార్థి బృందాలు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తోనే వీడియోల కూర్పును నేర్చుకుంటున్నాయి. భారత ప్రభుత్వం కూడా తన కార్యాలయాలలో ఇటువంటి సాఫ్ట్‌వేర్‌కు ప్రాధాన్యమిస్తూ 2015లో ఒక విధానాన్ని ప్రకటించింది.

ధనాన్ని పొదుపు చేయడం ఈ మార్పులో చిన్న ప్రయోజనం. పెద్ద ప్రయోజనం మరొకటి ఉన్నది. 1977 నవంబరు 19న వచ్చిన తుపాను, ఉప్పెన దివిసీమలో వేలాది ప్రాణాలను బలిగొన్నాయి. ఆ రాత్రిని చూసి బ్రతికినవారిలో ఆనాటి యువకులు నేడు వృద్ధులు. వారి మాటలను చిత్రీకరించి భద్రపరచవలసిన సమయం ఇదే. ఒక విద్యార్థి అవనిగడ్డకో, నాగాయలంకకో వెళ్లి ఒక తాతగారి జ్ఞాపకాలను చిత్రీకరించి కూర్చాడనుకుందాం. ముప్పై సంవత్సరాల తరువాత అతని మనుమలు దానిని తిరిగి కూర్చదలచినప్పుడు, ఆ పనిఫైలు తెరుచుకోవాలి. చందా ముగిసిందనో, ఆ సంస్థ మూతపడిందనో తాతగారి గొంతు మూగపోకూడదు. కేడెన్‌లైవ్ పనిఫైలు నిజానికి సామాన్యమైన అక్షరఫైలు. దానిని తెరిచి ఏ దృశ్యం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చదువుకోవచ్చు. రహస్యం లేనిచోట వారసత్వానికి ఆటంకం ఉండదు.

ఇటువంటి నష్టాన్ని తెలుగువారు ఇంతకుముందే ఒకసారి చవిచూశారు. యూనికోడ్ వ్యాప్తిలోకి రాకముందు టైపు చేసిన వేలాది తెలుగు పుటలు ఆయా ఖతులు లేని కంప్యూటర్‌లో అర్థంలేని గుర్తులుగా మాత్రమే కనిపిస్తాయి. అక్షరాలకు జరిగినది రేపు దృశ్యాలకు జరుగకూడదు.

1855 నాటికి విజయవాడ వద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తయింది. ఆ నీరు కాలువలుగా చీలి, బోదెలుగా మారి, చివరి చేనుకు చేరినప్పుడే డెల్టా సస్యశ్యామలమైంది. విద్య కూడా అటువంటిదే. కొందరి వద్ద నిలిచిపోక, చివరి గ్రామంలోని చివరి విద్యార్థి వరకు ప్రవహించాలి. అందుకు మొదట అడగవలసిన ప్రశ్న చిన్నదే: నా చేతిలోని పనిముట్టు ఎవరిది? ఈ ప్రశ్నను అడగడం అలవాటు చేసుకొన్న విద్యార్థి వాడుకరిగా మాత్రమే మిగిలిపోడు. ఏదో ఒకనాడు తానే ఒక పనిముట్టును తయారుచేసి పదిమందికి అందిస్తాడు.

కఠినపదాలు – అర్థాలు

మాలాకారుడు = పూలదండలు కట్టేవాడు
సార్థకం = అర్థానికి తగినది
రాయసకాడు = గ్రంథాలకు ప్రతులు రాసేవాడు
పరిష్కరణ = తప్పులను సరిదిద్ది శుద్ధరూపాన్ని నిర్ణయించడం
ఖతి = ఒకే తీరులో రూపొందించిన అక్షరాల సముదాయం
బోదె = పొలానికి నీరు చేర్చే చిన్న కాలువ

ప్రశ్నలు

అ) క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. యాజమాన్య సాఫ్ట్‌వేర్‌కు, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు గల భేదాలను పాఠ్యభాగం ఆధారంగా వివరించండి.
2. దృశ్యాల కూర్పులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు మారదలచినవారు పాటించవలసిన పద్ధతిని, ఎదురయ్యే కష్టాలను తెలపండి.

ఆ) క్రింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. చలివేంద్రం, పెరటి బావి అనే ఉపమానాల ద్వారా రచయిత చెప్పిన విషయం ఏమిటి?
2. తాళపత్ర గ్రంథాల పరిష్కరణకు, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు గల పోలికను తెలపండి.
3. తెలుగు లిపి విషయంలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వల్ల కలిగే ప్రయోజనం ఏమిటి?

ఇ) ప్రాజెక్టు పని
మీ గ్రామంలోని ఒక వృద్ధుని జ్ఞాపకాలను ఆయన అనుమతితో చిత్రీకరించి, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తో ఐదు నిమిషాల వీడియోగా కూర్చి తరగతిలో ప్రదర్శించండి.